ఎర్రబడిన పసుపు

“తప్పు నాదేనమ్మా శాంతీ. సంతకం పెట్టేస్తాను. ఇంక నా కోసం నువ్వు ఎండలో తిరగొద్దు.”

ఫోన్‌లో అక్కమ్మ గొంతు విని శాంతిప్రియ స్కూటర్‌ను రోడ్డు పక్కకు తీసి ఆపేసింది. అరవై దాటిన అక్కమ్మ ఎవరి ముందైనా తల వంచిందని ఇంతవరకూ ఆమె వినలేదు. నల్లంపల్లిలో రేకుల షెడ్డులో రాగులు, పెసలు మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి, పిండి పట్టి, ఆ బలం పిండినే ‘అక్కమ్మ సత్తుమావు’ అని తన పేరుతోనే ప్యాకెట్లు కట్టి అమ్మే మనిషి. ఆ పేరు తీసేస్తే షెడ్డులో మిగిలేది రేకులే.

“ఏమి తప్పు పెద్దమ్మా?”

“లేబుల్‌లో. భూపతి సార్ వచ్చి చూపించినాడు. పైన ‘నూరు గ్రాములకు’ అని ఉంది. కింద వేసిన లెక్కేమో ఒక లోటాకు. నేనే అట్ల వేయమన్నాను. ల్యాబ్ వాళ్లు నూరు గ్రాముల లెక్కే ఇచ్చినారు. మన ఇండ్లలో తక్కెడ పెట్టుకుని నూరు గ్రాములు ఎవరమ్మా తాగేది? లోటాకు ముప్పై గ్రాముల మావు పడుతుంది, ఆ లెక్క వేయప్పా అని ప్రింటింగ్ వాడికి చెప్తిని. పైన మాట మార్చాలని తోచలేదు. దాన్ని నమ్మి తాగి ఆ గుండె జబ్బు మనిషి వెంకటరామప్ప ఆస్పత్రిలో పడినాడంట.”

“భూపతి సార్ మళ్లీ ఎప్పుడు వస్తాడు?”

“పన్నెండుకు. కాగితం తీసుకుని.”

“అంతవరకూ పెన్ను ముట్టుకోవద్దు. నా మీద ఒట్టు.”

అక్కమ్మ ఒట్టు ఒప్పుకుందో లేదో తెలియకుండానే లైన్ కట్ అయింది.

శాంతిప్రియ పదేళ్లు ఆహార పరీక్షల ల్యాబ్‌లో పనిచేసి, పై అధికారితో పోట్లాడి బయటికొచ్చి, సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న మనిషి. ధర్మపురిలో నువ్వొక్కదానివే ఆడ డిటెక్టివ్‌వి అని ఎవరైనా మెచ్చుకుంటే ఆమెకు చిర్రెత్తుకొచ్చేది. ఆ మాటలోంచి ‘ఆడ’ తీసేసినా అది నిజమేనని ఆమె గట్టి నమ్మకం. పోలీసు ఉద్యోగం నుంచి రిటైరై పోటీగా బోర్డు కట్టిన భూపతి మాత్రం ఒప్పుకోడనుకోండి.

ఇప్పుడు పది దాటింది. ఆమె స్కూటర్‌ను వెంకటరామప్ప ఊరు అదియమాన్‌కోట్టై వైపు తిప్పింది.

*

వెంకటరామప్ప కోడలు ఉషా ఏడ్చి ఏడ్చి ముఖం వాచిపోయి ఉంది. గుండె బలహీనమైన మామకు ఈ అమ్మాయి దొంగచాటుగా ఉప్పు వేసి పెట్టిందని చుట్టాలు అప్పుడే గుసగుసలు మొదలుపెట్టారు. నరంలేని నాలుకలు కదా, ఎటైనా తిరుగుతాయి.

శాంతిప్రియ ఓదార్పులో టైమ్ పోగొట్టలేదు.

“ఉప్పు వేసినావా?”

“దేవుడి తోడు లేదక్కా. డాక్టర్ చెప్పిననాటి నుంచి ఇంట్లో అందరికీ చప్పిడి కూడే.”

“ఊరగాయ? అప్పడం? చిప్స్ ప్యాకెట్లు?”

“ఊరగాయ జాడీ పక్కింట్లో పెట్టేసినాను. ప్యాకెట్ సరుకు ఏది కొన్నా వెనక సోడియం చూడమన్నారు డాక్టర్. బాగుండేవాళ్లకే రోజుకు రెండువేల మిల్లీగ్రాములు హద్దంట, మామకు దాంట్లోనూ తగ్గించినారు. చూసి చూసిదా కొంటాను.”

“సత్తుమావు రోజుకు ఎంత?”

“పొద్దున ఒక లోటా, సందెకు ఒక లోటా. మజ్జిగ కలిపి. ఎప్పుడైనా ఆకలంటే మధ్యలో ఇంకొకటి. ఏండ్ల నుంచీ తాగుతున్నదే కదక్కా, ఎప్పుడూ ఏమీ కాలేదు. ఈ ప్యాకెట్ విప్పినాకే కాళ్లు వాచినాయి. తర్వాత ఆయాసం. పోయిన వారం ఊపిరే ఆడలేదు.”

“ఈ ప్యాకెట్‌కూ పాత ప్యాకెట్‌కూ రుచిలో తేడా ఉందా?”

ఉషా కొంచెం ఆలోచించింది. “సబ్బు నీళ్ల మాదిరి ఉందే అన్నారు మామ, మొదటి రోజు. జబ్బు నోరు కదా, అట్లే ఉంటుంది అంటిని. కానీ అక్కా, మజ్జిగ పోస్తే భలే పొంగేది. బుస్సుమని నురగ! మావు తాజాగా ఉంది, అందుకే అంత పొంగు అని నేను సంతోషపడినాను.”

శాంతిప్రియ కుర్చీలోంచి లేచింది.

“ఆ ప్యాకెట్ ఏదీ?”

“భూపతి సార్ నిన్న వచ్చి ప్లాస్టిక్ కవర్‌లో వేసి, సీలు వేసి తీసుకుపోయినాడు. మావును ఆయన అడగలేదు. జాడీలోనే ఉంది.”

దొంగ దొరికే ఇంట్లో గోడలు కొలిచి, దొంగను వదిలేసి వెళ్లడం భూపతికి కొత్త కాదు. శాంతిప్రియ మనసులో నవ్వుకుని వంటింట్లోకి నడిచింది.

అది తెల్ల పింగాణి జాడీ. కొత్త మావు పోసే ముందు జాడీని కడిగి మూతికి బయటా లోపలా పసుపు రాయడం ఆ ఇళ్లలో వాడుక. అన్నం పెట్టే వస్తువుకు మంగళం అంటారు పెద్దవాళ్లు. పురుగు పట్టదని కూడా అంటారు. ఆ మాట మాత్రం తర్వాత అంటారు.

బయటి పసుపు పసుపులాగే ఉంది. మూత తీసి జాడీని కిటికీ వెలుగుకు తిప్పింది. లోపలి అంచున, తడి చెంచా తగిలి తగిలి మావు అంటుకున్న చోటల్లా, ఎర్రటి చారలు.

“లోపల కుంకుమ ఎవరు పెట్టినారు?”

“లోపల కుంకుమ ఎవరైనా పెడతారా అక్కా! నేనే రాసినాను, పసుపుదా.” ఉషా వంగి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “అయ్యో! ఇదేమి, ఆరతి నీళ్ల మాదిరి?”

“ఆరతి నీళ్లు ఎట్ల చేస్తావు?”

“పసుపు నీళ్లలో సున్నం వేస్తే ఎర్రగా...” ఉషా ఆగిపోయింది. “మావులో సున్నమా?”

“సున్నం కాదు. సున్నమైతే మీ మామ నోరు పొక్కేది. సున్నం గుణమే ఉన్న ఇంకొకటి.” శాంతిప్రియ గోటితో ఒక ఎర్ర చారను గీకి చూసుకుంది. పదేళ్ల ల్యాబ్ ఉద్యోగంలో ఆమె వాడిన రంగు కాగితాలన్నిటికంటే ఈ జాడీ నాణ్యంగా పనిచేసింది. మన ఇళ్ల పసుపు చూపించిన సాక్ష్యం ఇది అనుకుంటే ఆమెకు ఛాతీ పొంగింది. “ఉషా, నువ్వు చెయ్యని తప్పుకు ఇంక ఒక్క బొట్టు కన్నీళ్లు కార్చొద్దు. ఈ ప్యాకెట్ ఎక్కడ కొన్నావు?”

“ఎప్పుడూ నల్లంపల్లి పోయి అక్కమ్మవ్వ దగ్గరే తెస్తాము. ఈసారి తీరలేదని టౌన్‌లో ధర్మరాజ్ ఏజెన్సీలో కొన్నాను.”

అక్కమ్మ సరుకును అంగళ్లకు వేసేది ధర్మరాజే. భూపతిని ఈ విచారణకు పెట్టుకున్నదీ ధర్మరాజే. శాంతిప్రియ మావును ఒక డబ్బాలోకి తీసుకుని, జాడీని ఎవరూ కడగొద్దని ఉషాకు ఒకటికి రెండుసార్లు చెప్పి బయటపడింది.

*

నల్లంపల్లి షెడ్డు ముందు భూపతి కారు అప్పటికే ఉంది. పన్నెండు ఇంకా కాలేదు. అవతలివాడికి చెప్పిన టైమ్‌కంటే ముందే వెళ్లి కూర్చోవడం ఆయన పోలీసు రోజుల అలవాటు.

లోపల పిండి మర ఆగిపోయి ఉంది. పనిచేసే ఆడవాళ్లు గోడ పక్కన గుంపుగా నిలబడ్డారు. అక్కమ్మ చేతిలో పెన్ను ఉంది, మూత తీసి ఉంది. ఎదురుగా కుర్చీలో భూపతి, బూట్లు తళతళ మెరుస్తున్నాయి.

“రామ్మా శాంతీ,” అన్నాడు భూపతి పెళ్లికి పిలిచినట్టు. “సాక్షి సంతకానికి మనిషి కావాలి అనుకుంటాంటిని.”

శాంతిప్రియ ఆ కాగితం తీసుకుని చదివింది. నా లేబుల్‌లో తప్పు లెక్క వేయడం వల్ల రోగికి హాని జరిగింది, ఇకమీదట ఈ పేరుతో సత్తుమావు తయారు చేయను అని రాసి ఉంది. చదువుతుంటే ఆమెకు ఒళ్లు మండింది.

“మనిషి ఆస్పత్రిలో ఉంటే నీకు సంతకం తొందర వచ్చిందేమి సార్?”

“కేసు కాకుండా కాపాడుతున్నానమ్మా. నూరు గ్రాముల్లో సోడియం ఇరవై మిల్లీగ్రాములు, ల్యాబ్ కాగితం ఇదిగో. ఈమె ప్యాకెట్ మీద ఎంత? ఆరు. మూడింతలు పైగా దాచింది. గుండె జబ్బు మనిషి దాన్ని నమ్మినాడు. రుజువు కండ్ల ముందర ఉంది.”

“నిజమే కదమ్మా,” అంది అక్కమ్మ. “నా పేరు చూసిదా కొన్నారు. తప్పు వేసింది నేను. సాకులు చెప్పను.”

“సాకులు వద్దు పెద్దమ్మా, లెక్క చూద్దాం. భూపతి సార్, ఒక మనిషికి రోజుకు సోడియం హద్దు ఎంత? ఆ లేబుల్ కిందే రాసి ఉంటుంది.”

భూపతి చూడలేదు. చూడడని ఆమెకు తెలుసు.

“రెండువేల మిల్లీగ్రాములు. పెద్దమ్మ తప్పును తప్పు అనే పెట్టుకుందాం. ఆరు కాదు, ఇరవై. వెంకటరామప్ప పూటకు లోటా కాదు, కిలో ప్యాకెట్ మొత్తం ఒక్కరోజులో తాగేసినాడు అనే అనుకుందాం. ఎంత అవుతుంది?”

గోడ పక్క నుంచి ఒకామె మెల్లగా అంది: “ఇన్నూరు.”

“ఇన్నూరు. రెండు వందలు, రోజు హద్దులో పదో వంతు. కిలో మావు తాగినవాడికి కడుపు పగలాలి గాని, సోడియంతో కాళ్లు వాయవు సార్.”

భూపతి కాలు ఊపడం ఆపాడు. అయినా లొంగలేదు. “లెక్కలు నీకు తెలుసులేమ్మా. తప్పు లేబుల్ తప్పు లేబులే. అబద్ధం అబద్ధమే.”

“అబద్ధమా?” శాంతిప్రియకు ఇప్పుడు నిజంగా కోపం వచ్చింది. “లేబుల్‌లో అన్ని అంకెలూ ఒకటి కాదు సార్. కొన్ని దాటకూడనివి, కొన్ని అందుకోవాల్సినవి. సోడియం దాటకూడదు. ప్రోటీన్, కాల్షియం అందుకోవాలి. ఈ మావులో నూరు గ్రాములకు ప్రోటీన్ పది ఉంటే ఈమె మూడని వేసింది. కాల్షియం మూడు వందలు ఉంటే తొంభై అని వేసింది. మోసం చేసేవాడు తన సరుకును మూడో వంతుకు దించి చెప్పుకుంటాడా? మీ సర్వీసులో అట్లాంటి దొంగ ఒక్కడు దొరికినాడా?”

గోడ పక్కన ఎవరో కిసుక్కున నవ్వారు. అక్కమ్మ తల ఎత్తింది. తన సరుకు తాను చెప్పుకున్నదానికంటే మూడింతలు గట్టిదన్న సంగతి ఆమెకు ఇప్పుడే అర్థమైనట్టుంది. పెన్నుకు మూత పెట్టేసింది.

“సరే, ఇప్పుడు నిన్న ఉషా ఇంట్లో తీసుకున్న ప్యాకెట్ చూపించండి. సీలు విప్పొద్దు, కవర్ బయట నుంచే చదవండి. గట్టిగా, అందరికీ వినపడేట్టు.”

భూపతి బ్యాగులోంచి కవర్ తీశాడు. పైన తేదీ, సంతకం, ఎర్ర లక్క, అంతా పద్ధతిగా ఉంది. సీలు వేయడం వచ్చినవాడికి చదవడం కూడా రావాలని రూలేమీ లేదు కదా.

“నూరు గ్రాములకు,” అని మొదలుపెట్టాడు. “ప్రోటీన్... పది. కాల్షియం మూడు వందలు. సోడియం...” అక్కడ ఆగిపోయాడు.

“చెప్పండి సార్.”

“ఇరవై.”

అక్కమ్మ గబగబా లేచి షెల్ఫ్ మీద నుంచి తన ప్యాకెట్ ఒకటి తెచ్చి పక్కన పెట్టింది. అదే రంగు, అదే కలశం బొమ్మ, అవే అక్షరాలు. ఒకదాని మీద మూడు, తొంభై, ఆరు. ఇంకొకదాని మీద పది, మూడు వందలు, ఇరవై.

“నా ప్యాకెట్ మీద ఎప్పుడూ తప్పుదా ఉంటుంది,” అంది అక్కమ్మ ఆశ్చర్యంగా. “నిన్నటిదాకా నాకే తెలియదు. దీని మీద సరిగ్గా ఎవరు వేసినారు?”

“మీ మనిషి కానివాడు వేసినాడు పెద్దమ్మా. కొత్త ప్యాకెట్లు అచ్చు వేయిస్తా ల్యాబ్ కాగితం ముందర పెట్టుకున్నాడు, దాంట్లో ఉన్నది ఉన్నట్టు దింపినాడు. మీ తప్పు దిద్దినాడు, అక్కడే దొరికినాడు. ఈ ల్యాబ్ కాగితం నకలు ఇంకెవరికి ఇచ్చినారు?”

“ధర్మరాజ్‌కు ఒక్కడికే. ఏజెన్సీ కావాలని వచ్చినప్పుడు అడిగినాడు.”

భూపతి తన చేతిలోని ల్యాబ్ కాగితం వైపు చూసుకున్నాడు. అది తనకు ఎవరిచ్చారో ఎవరూ అడగలేదు. అడగనక్కర్లేదు.

“లేబుల్ మారితే మావు మారినట్టు కాదు,” అన్నాడు. మాటలో పాత బిగువు లేదు.

“నాకు రెండు పళ్లాలు, పసుపు కావాలి,” అంది శాంతిప్రియ.

రెండు తెల్ల పింగాణి పళ్లాల్లో పసుపు ముద్ద పూశారు. అక్కమ్మ మావును ఒక గిన్నెలో, ఉషా జాడీలోని మావును ఇంకో గిన్నెలో నీళ్లు పోసి కలిపి, పిండి అడుక్కు దిగేదాకా ఆగి, పైన తేట మాత్రం శాంతిప్రియ ఒక్కో పళ్లెంలోకి వంపింది. మొదటి పళ్లెంలో పసుపు పసుపుగానే ఉండిపోయింది. రెండోదానిలో ముందు ఇటుక రంగు తిరిగింది, చూస్తుండగానే ఎర్రబడింది. గోడ పక్కనున్న ఆడవాళ్లందరూ ఒక్కసారి ముందుకు వచ్చేశారు.

తర్వాత ఆమె ఉషా మావు ఉన్న గిన్నెలో కొంచెం మజ్జిగ పోసింది. బుస్సుమని నురగ పైకి లేచింది.

“వంట సోడా!” అంది అక్కమ్మ. “నా మావులో వంట సోడానా! ఎందుకు?”

“పాతబడి, చెమ్మ తగిలి పులిసిన మావుకు పులుపు చంపడానికి. నాలుకకు ఉప్పగా తగలదు. కానీ సోడియం దాంట్లో నిండుగా ఉంటుంది. ఆ అమ్మాయి ఇంట్లో ఉప్పు డబ్బా ముట్టకుండా కాపలా కాసింది. సోడియం లోటాలో కూర్చుని లోపలికి పోయింది. పెద్దమ్మా, అమ్ముడుపోని పాత ప్యాకెట్లను మీరేం చేస్తారు?”

“వెనక్కి తెప్పించి బర్రెల తొట్టిలో పోస్తాను. మా అత్త పెట్టిన నియమం అది. కానీ ఆరు నెలలుగా ఒక్కటీ వెనక్కి రాలేదు.” అక్కమ్మ ఆ గిన్నెను దూరంగా జరిపింది. “అన్నీ అమ్ముడుపోతున్నాయని ధర్మరాజ్ చెప్తే, నేను ఊరంతా గొప్పగా చెప్పుకున్నాను. ఆ గొప్పలో పడి కండ్లు కనపడలేదమ్మా.”

“ఆ పాత మావుకే వాడు సోడా కలిపి కొత్త ప్యాకెట్లలో కట్టినాడు, మీ సంతకంతో నేరం మీ మీదికి నెట్టాలని చూసినాడు. గొప్ప మీదే. దొంగతనం వాడిది. రెండూ కలపొద్దు.”

అక్కమ్మ భూపతి కాగితాన్ని తీసుకుంది. చింపుతుందేమో అనుకున్నారు అందరూ. చింపలేదు. మడతలు సరిగ్గా మడిచి ఆయన చేతికే ఇచ్చింది.

“సంతకం పెట్టను సార్. తప్పు లెక్క వేసినాను, అది నేనే దిద్దుకుంటాను, నాలుగు వీధుల్లో నేనే చెప్పుకుంటాను. కానీ నా చేతి మావు ఎవరికీ కీడు చెయ్యలేదు. నా పేరు వదలను. పో, పోయి మీ ధర్మరాజ్‌తో చెప్పు.”

ఆ మాటకు శాంతిప్రియకు కళ్లు చెమర్చాయి. ఈ ముసలామె కోసం ఇంకో పది కేసులు ఉత్తినే చేయొచ్చు అనిపించింది. ఇక భూపతి ఏం వాదిస్తాడా అని అటు తిరిగింది. గెలిచినప్పుడు ఎదుటివాడి ముఖం చూడాలనే చిన్న ఆశ ఆమెకూ ఉంది మరి.

భూపతి వాదించలేదు. ఎర్రబడిన పళ్లెం వైపే చూస్తున్నాడు.

“అమ్మా శాంతీ,” అన్నాడు. “ఇది... కిడ్నీ జబ్బు వాళ్లకు కూడా చేటా?”

“ఎవరికి సార్?”

“నేను సర్వీసులో ఒక్కరి దగ్గర ఒక్క పైసా లంచం ముట్టలేదు. ఊరికంతా తెలుసు.” ఆయన చేతులు ఫోన్ కోసం జేబులన్నీ వెదుకుతున్నాయి. “కేసు ఒప్పుకున్న రోజు ధర్మరాజ్ నాలుగు ప్యాకెట్లు ఇచ్చినాడు. మీ అమ్మకు మంచిది, రాగిమావు, కలిపి ఇవ్వండి సార్ అన్నాడు. డబ్బు కాదు కదా అని తీసుకుంటిని.”

భూపతి స్పీకర్ నొక్కాడు, అవతల ఫోన్ మోగడం అందరికీ వినిపించింది. చాలాసేపు మోగింది. ఆగింది. ఆయన మళ్లీ చేశాడు. చివరికి ఒక ముసలి గొంతు, ఆయాసపడుతూ పలికింది.

“ఏమిరా నాయనా?”

“అమ్మా, ఆ సత్తుమావు తాగొద్దు! తాగినావా?”

“తాగకుండా ఎట్ల ఉంటానురా? నా కొడుకు తెచ్చినాడని వీధిలో అందరికీ చెప్పి చెప్పి తాగుతున్నా. రోజుకు మూడు లోటాలు.” కాసేపు ఊపిరి చప్పుడు మాత్రమే వినిపించింది. “కాళ్లే ఎందుకో చెప్పులు పట్టడం లేదురా. పొద్దున నుంచి పడుకుంటే ఊపిరి ఆడలేదు. కూర్చునే ఉన్నాను. నువ్వు వస్తావు కదా అని...”

ఆ తర్వాత ఫోన్ కిందపడిన చప్పుడు వినిపించింది.

భూపతి కారు తాళం తీసుకోబోతే అది చేతిలోంచి జారిపోయింది. వంగి తీసింది అక్కమ్మ. తీసి శాంతిప్రియ చేతిలో పెట్టింది.

“ఈయన చేత కాదు, బండి నువ్వు తియ్యమ్మా. ఆంబులెన్స్‌కు దారిలో చెయ్యి.” ముసలామె అప్పటికే కారు తలుపు తెరిచి ముందు సీట్లో కూర్చుంది. “లే సార్, వెనక ఎక్కు. మీ అమ్మ పక్కన ఉండే ప్యాకెట్ మీద నా పేరుంది. నేను రాకపోతే ఎట్ల?”